బెంచీ మారిన గురువు

భారత ఫుట్‌బాల్ జట్టుకు 13 ఏళ్ల తరువాత స్వదేశీ ప్రధాన శిక్షకుడిగా ఖాలిద్ జమీల్ 2025 ఆగస్టులో నియమితులయ్యారు. ఆయనకు ఎంత గడువు దక్కుతుందన్న ప్రశ్న తలెత్తినప్పుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ ప్రస్థానాన్ని గుర్తుచేసుకోవాలి.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడీయన. శిక్షకుడిగా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్‌ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ అందించారు. అదే ఏడాది ద్రోణాచార్య పురస్కారం పొందారు. 2005 డిసెంబరులో కరాచీలో దక్షిణాసియా టోర్నీ తుదిపోరులో ఆయన జట్టు బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించింది. రెండు నెలలకే జపాన్ చేతిలో 0-6 పరాభవం. ఆ ఏడాదే ఆంగ్లేయుడు బాబ్ హౌటన్‌కు పగ్గాలు దక్కాయి.

హంగరీ మాజీ ఆటగాడు బేలా గుట్మన్ 1961, 1962లలో పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికాకు యూరోపియన్ కప్ సాధించిపెట్టారు. ఆ దేశానికి శిక్షకుల ఎగుమతి కొత్త కాదు. మనకు మాత్రం అరుదు. ఆ అరుదైన పిలుపు నయీముద్దీన్‌కు ఆయన ఓడించిన దేశం నుంచే వచ్చింది. 2007 ఢిల్లీ నెహ్రూ కప్‌లో బంగ్లాదేశ్ బెంచీపై హైదరాబాదీ, భారత్ బెంచీపై ఆంగ్లేయుడు!

హౌటన్ 2011 వరకు కొనసాగారు. జమీల్ జట్టు గత నవంబరు 18న ఢాకాలో అదే బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడింది.