డ్రిల్లు మాస్టరు గురువు కాడా?

ఆంబూరు, గుడియాత్తం, వేలూరు ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో బాలుడు బడినుండి రాగానే గణితమున నెన్ని మార్కులు వచ్చెనని యడుగుదురు. ఆటస్థలమున నేమి నేర్చెనని యడుగువారు అరుదు. పరీక్షలు సమీపించినచో మొదట బలియగునది ఆటల పీరియడే. డ్రిల్లు మాస్టరనగా మన దృష్టిలో ఈల యూదువాడే గాని గురువు గాడు. ఈ చిన్నచూపు అన్యాయము; దీనివలన నష్టపోవువారు మన బిడ్డలే.

ఇందుకు నిదర్శనము హైదరాబాదున గలదు. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడిన పట్టభద్రుడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల బడిపంతులుగా పనిచేసి, వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, బాలుర ఆటల బాధ్యత వహించెను. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు 1954 వఱకు వరుసగా అయిదు మారులు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణపతకమును, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును పొందెను. 1963 జూన్‌లో ఆయన మరణించెను. ఆ పిమ్మట మన పురుషుల జట్టునకు ఆసియా క్రీడలలో స్వర్ణము నేటివఱకు లభింపలేదు. అట్టివాని పేరు, 2024లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చువఱకు, మనలో ననేకులు వినియైన నుండలేదు!

ఆయన పద్ధతిని గమనింపుడు. బంతిని కాలితో నడిపించుకొనుచు పోరాదను నియమముతో కొన్ని పోటీలు. బలహీనమగు కాలితోనే తన్నవలెనను నియమముతో మఱికొన్ని. రాని యక్షరమునే పదిమార్లు దిద్దించు బడిపంతులు బుద్ధి గాక యిది మఱేమి? జకార్తాలో తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నయిల్ సింగును ముందు వరుసలో నాడించెను. తుదిపోటీలో ఆతడు గోలు చేసెను. దక్షిణ కొరియాపై 2–1తో విజయము మనదయ్యెను. ఎవనియందేమి శక్తి దాగియున్నదో యెఱుగుటయే గదా గురుత్వము!

"ఆటలు కూడు పెట్టునా?" అని కొందఱందురు. ప్రతి బాలుడును క్రీడాకారుడు కానక్కఱలేదు. కాని బంతిని తోటివాని కందించుటయు, ఓడియు మరునాడు మైదానమునకు వచ్చుటయు ఏ పాఠ్యపుస్తకము నేర్పును?

"రహీమ్ ఉర్దూ మాటలాడువాడు, మనకేమి సంబంధము?" అని మఱికొందఱందురు. ఉర్దూ, తమిళ కుటుంబముల నడుమ ఆంబూరులో కాపురముండు మనము అనదగిన మాటయేనా యిది? పొరుగువారు మనలను తమవారిగా నెంచవలెనని కోరు మనమే పొరుగు గురువునకు తలుపు మూయుదుమా?

కావున సంఘ సభ్యులకు నా విన్నపము: వార్షికోత్సవమున మొదటి మార్కులవారికి బహుమతు లిచ్చు వేదికపైననే ఏటేట నొక డ్రిల్లు మాస్టరును సత్కరింపుడు. ఆటల పీరియడును గణితమున కిమ్మని బడివారి నడుగకుడు. నెలకొక మారైనను మైదానమునకు బోయి మీ బిడ్డ యాట చూడుడు.