ఈల పట్టేదెవరు?

మొన్న సంక్రాంతికి మా ఊళ్లో పిల్లల కబడ్డీ పోటీ పెట్టారు. ఆడేవాళ్లు కావలసినంతమంది. ఈల పట్టమంటే అందరూ కొబ్బరిచెట్ల చాటుకే! కాలేజీ చదువు కదా అని నన్ను నిలబెట్టారు.

రెండో కూతకే తప్పు చేశాను. కూతకొచ్చిన కుర్రాడు అవతలివాణ్ణి ముట్టుకుని లాబీలోకి వెళ్తే అవుటిచ్చేశాను. ముట్టుకున్నాక లాబీ కూడా బరిలో భాగమే. ఆ సంగతి నాకు తెలీదు, వాడికి తెలుసు. ఏడుస్తూ కూర్చున్నాడు. వాడి మేనమామ నన్నన్న మాటలు సావనీరులో అచ్చువేయరు.

2023 అక్టోబరు 7న, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచినరోజే, భారత్-ఇరాన్ కబడ్డీ ఫైనల్ ఈ లాబీ తగాదాతోనే చాలాసేపు ఆగిపోయింది. అంతటివాళ్లే తేల్చుకోలేకపోతే నేనెంత?

ముప్పై సెకన్ల కూతలో ఊపిరి, గీతలు, కాళ్లు, చేతులు ఒక్కడే చూడలేడు. అందుకే రెఫరీకి తోడు ఇద్దరు అంపైర్లుండాలన్నారు. ఊళ్లలో ఒక్కణ్ణే నిలబెట్టి, తప్పితే తిట్టి పంపేస్తాం. వాడు మళ్లీ రాడు.

మన యూనియన్ ఏటా ఒక వారం అంపైరింగ్ నేర్పించకూడదా? కొత్తవాణ్ణి ముందు స్కోరు పుస్తకం దగ్గర కూర్చోబెట్టాలి, తరవాత గీత దగ్గర, అటుపైనే ఈల.

కనుమనాడు మళ్లీ వెళ్లాను. ఆ కుర్రాడు ఎదురొచ్చి అడిగాడు: "అన్నా, లాబీ రూలు చదివొచ్చావా?"