పల్లవి ఎక్కడ మొలిచింది?

ఈ సంచికంతా ఒక్క మాట చుట్టూనే: పల్లవి. పదం, లయ, విన్యాసం అనే మూడు మాటల తొలి అక్షరాలు కలిస్తే పల్లవి అయిందని కచేరీల్లో చెబుతుంటారు. ముచ్చటగానే ఉంది గానీ మాకు నమ్మబుద్ధి కాలేదు. సంస్కృతంలో పల్లవమంటే చిగురు, పాట చిగురించేదీ అక్కడే కదా! 15వ శతాబ్దిలో అన్నమయ్య సంకీర్తనలకు తలకట్టుగా నిలిచిన ఆ పాదం, తరవాత తంజావూరు సీమలో రాగం, తానం వెంట నడిచి, మూడు కాలాల్లో విద్వాంసుడి సత్తా తేల్చే పరీక్షయింది. కల్యాణి అటతాళ వర్ణం కట్టిన గోపాలయ్యర్‌కైతే పల్లవే పేరు ముందు బిరుదై కూర్చుంది.

తమిళ వాకిట, పుదుచ్చేరి మురుంగపాక్కంలో ఉండి తెలుగు పాట వేళ్లు వెతకడం మాకేమీ వింతగా అనిపించలేదు. తెలుగు మాట్లాడే యానామూ పుదుచ్చేరిదే కదా. సినిమా పల్లవులకూ చోటిచ్చాం. అలిగిన పండితులు ఉత్తరాలు రాయండి, వేస్తాం.