కోత కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయాలనగానే రోగి కుటుంబం మొదట అడిగేది "పెద్ద కోతా, చిన్న కోతా?" అనే. ఛాతీ తెరిచి చేసినా, చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసినా (దీన్నే వాట్స్ అంటారు), రోబో సాయంతో చేసినా అది లోపలికి వెళ్లే దారి మాత్రమే. లోపల ఊపిరితిత్తిని ఎంత తీస్తారన్నది వేరే ప్రశ్న. ఆపరేషన్ తర్వాత మిగిలే శ్వాస సామర్థ్యం ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది.

దారి విషయంలో సమాధానం చాలావరకు తేలింది. బ్రిటన్‌లో 503 మంది రోగులపై జరిగిన వయొలెట్ అధ్యయనంలో వాట్స్ చేయించుకున్నవారు త్వరగా కోలుకున్నారు. క్యాన్సర్ తొలగింపులో లోటు రాలేదు.

ఎంత తీయాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు మారుతూ వచ్చింది. కుడి ఊపిరితిత్తిలో 3, ఎడమదానిలో 2 లోబులు ఉంటాయి. 1933లో అమెరికాలో ఎవార్ట్స్ గ్రాహం క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని పూర్తిగా తీసేశారు. తర్వాత ఒక లోబు తీస్తే చాలని తేలింది. అంతకన్నా తక్కువ తీస్తే క్యాన్సర్ అక్కడే తిరగబెట్టడం ఎక్కువని 1995 నాటి అధ్యయనం చెప్పడంతో, లోబు తీయడమే ప్రామాణిక చికిత్సగా నిలిచింది.

2022లో జపాన్ అధ్యయనం ఈ లెక్క మార్చింది. 2 సెంటీమీటర్లు మించని కణితి ఉన్న 1,106 మందిలో, లోబులో ఒక భాగమైన సెగ్మెంట్ మాత్రమే తీయించుకున్నవారిలో 94.3 శాతం 5 ఏళ్ల తర్వాత జీవించి ఉన్నారు. లోబు తీయించుకున్నవారిలో 91.1 శాతం ఉన్నారు. అయితే క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడం మొదటి వర్గంలో 10.5 శాతం, రెండో వర్గంలో 5.4 శాతం. అంటే తక్కువ తీయడం ఉచితంగా వచ్చే లాభం కాదు. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి పరీక్షలు మానకూడదు.

రాయ్‌పూర్, భిలాయి మధ్య ఉన్న కుమ్హారి లాంటి ఊళ్లకు ఈ చర్చ దూరం కాదు. ఉక్కు నగరాన్ని నమ్ముకుని బతికేవారిలో వలస వచ్చిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కోక్ ఓవెన్ల పొగ, సిలికా ధూళి, బీడీ, మూడూ ఈ క్యాన్సర్ ముప్పు పెంచేవే. అప్పటికే ఊపిరి బలం తగ్గినవారికి మిగిల్చే ప్రతి సెగ్మెంటూ విలువైనదే.

కానీ ఆ అవకాశం కణితి చిన్నగా ఉన్నప్పుడే. క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో తగ్గని దగ్గు, కఫంలో రక్తం, ఎక్స్‌రేలో నీడ కనబడితే ముందు క్షయనే అనుమానిస్తారు. కఫ పరీక్షలో క్షయ తేలకపోయినా, మందులు వాడినా నీడ తగ్గకపోయినా సీటీ స్కాన్ ఆలస్యం చేయకూడదు. ఏళ్ల తరబడి పొగ, ధూళిలో పనిచేసినవారిని, రిటైరైనవారితో సహా, ఇలాంటి పరిశీలనలో ఉంచడం రోబో యంత్రం కొనడం కన్నా ముందు జరగాలి.

సర్జన్‌ను అడగాల్సినవి మూడు: ఎంత భాగం తీస్తారు, ఎందుకు? లింఫ్ గ్రంథులను పరీక్షిస్తారా? మిగిలిన ఊపిరితిత్తి రోజువారీ పనులకు సరిపోతుందా? కోత సంగతి ఆ తర్వాతే.