కొండమీద ఒక రాత్రి

మా తోడల్లుడిగారి అబ్బాయి ఇటలీ దేశం చూసివచ్చాడు. వచ్చిన దగ్గరనుంచీ ఒకటే పాట: మోంటెకాటీనీ! కింద బుగ్గనీళ్ళ వూరట. పైన కొండమీద మధ్యయుగాలనాటి పాత పేటట. రెంటినీ కలుపుతూ 1898లో తాడుతో లాగే చిన్న రైలు వేశారట. 2021లో యునెస్కో వారు ఐరోపాలోని 11 స్నానపట్టణాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ వూరూ అందులోకి ఎక్కిందట.

"పెదనాన్నగారూ, అక్కడ ఎవరికీ తొందరలేదండీ. కొండెక్కి కూర్చోవడం, చీకటి పడ్డాక దిగిరావడం, అంతే. అలాటి వూరు మనకెక్కడుంది?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కుంటూండగానే మూల మంచంమీదనుంచి మా అమ్మ, "అన్నవరం లేదుట్రా?" అన్నది.

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

అన్నవరం నేనెరగనిదా! ఉద్యోగం పనిమీద రాజమండ్రినుంచి విశాఖపట్నానికి ముప్ఫై యేళ్ళు తిరిగాను. పిఠాపురం దాటాక కాసేపటికి రత్నగిరి కనిపిస్తుంది. చెప్పులు విడిచి కిటికీలోంచి ఒక దణ్ణం పెట్టుకునేవాణ్ణి. స్వామి దగ్గర నా ఖాతా అలా అరువుమీదే నడిచింది. దిగిన నాలుగైదుసార్లూ ఎవరిదో పెళ్ళి తరవాతి వ్రతానికే. మూడుగంటల్లో పైకీ కిందకీ, చేతిలో ప్రసాదం పొట్లం.

సరే, సెప్టెంబరు మొదట్లో, పెళ్ళిముహూర్తాలు లేని భాద్రపదం చూసుకుని, అమ్మనూ మా ఆవిడనూ వెంటబెట్టుకుని బయలుదేరాను. సాయంత్రం బండికి తిరుగు టిక్కెట్లు కూడా ముందే కొన్నాను. అదీ నా తెలివి.

2022నుంచి ఆ వూరు కాకినాడ జిల్లాలో వుంది గాని, మా అమ్మకు మాత్రం ఇంకా తూర్పు గోదావరే. కింద వూరూ పంపానదీ. దాదాపు 300 అడుగుల ఎత్తున గుడీ, సత్రాలూ. మెట్లు 400కు పైనే. అమ్మకు 82 యేళ్ళు. ఆటో మాట్లాడాను.

"ఆయ్, ఘాటురోడ్డుమీద గుడిదాకా దింపేస్తానండి. మామ్మగారికేం ఫర్వాలేదండి," అన్నాడు ఆటో అబ్బాయి.

"తొలి పావంచా దగ్గర కాస్త ఆపు, నాయనా," అన్నది అమ్మ.

అక్కడ మా ఆవిడచేత మొదటి మెట్టుకు పసుపు రాయించి, కుంకుమ పెట్టించింది. తాను ఆ మెట్టుమీద చెయ్యి ఆన్చి చాలాసేపు పైకి చూసింది. "ఆవేళ మీ నాన్న ఒక్క మెట్టుమీదయినా నన్ను కూర్చోనివ్వలేదు," అన్నది.

మేరువు కొడుకులిద్దరిలో భద్రుడు భద్రాచలమైనాడనీ, రత్నాకరుడు ఈ రత్నగిరి అయినాడనీ పురాణకథ. గుడి మాత్రం ఇటలీవారి పాత పేటతో వయసులో పోటీపడదు. 1891 ఆగస్టు 6న ప్రతిష్ఠ జరిగింది. అంటే వాళ్ళ తాడు రైలుకు ఏడేళ్ళు పెద్ద, అంతే. ఈరంకి ప్రకాశరావుగారికీ, జమీందారు ఇనుగంటి వెంకట రామనారాయణంగారికీ ఒకే కల వచ్చిందనీ, వెతికితే అంకుడుచెట్టు కింద స్వామి దొరికాడనీ చెబుతారు. 1893కూ 1896కూ మధ్య తూర్పుతీరపు రైలుదారి పడింది. 1933–34లో గుడిని నాలుగు చక్రాల రథంలా తిరిగి కట్టారు. కింది అంతస్తులో యంత్రం, పై అంతస్తులో మూర్తి.

మధ్యాహ్నం వ్రతానికి కూర్చున్నాం. కథలో సాధువనే వర్తకుడున్నాడు గదా. పిల్ల పుడితే వ్రతం చేస్తానన్నాడు. పుట్టింది, పెళ్ళినాడు చేస్తానన్నాడు. పెళ్ళయింది, మరిచిపోయాడు. చిన్నప్పటినుంచీ వింటున్న కథే. ఆవేళ మాత్రం పురోహితుడుగారు నన్నే చూసి చెబుతున్నట్టనిపించింది.

కథలు అయిదూ ముగిశాయి. నేను చేతి గడియారం చూశాను.

"ఈ రాత్రికి ఇక్కడే వుందామురా," అన్నది అమ్మ.

"టిక్కెట్లు కొనేశాం గదమ్మా!"

"అవునుగదూ. సరే," అని లేవబోయింది.

మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. పెళ్ళయిన మగవాళ్ళకు ఆ చూపు వివరించనక్కరలేదు. సత్రంలో గది దొరికింది.

రాత్రి వసారాలో చాప వేసుకున్నాం. యాత్రికులు చాలావరకు దిగిపోయారు. కింద దీపాల మధ్యనుంచి ఒక రైలు సాగిపోయింది. దాన్ని చూస్తూ అమ్మ చెప్పింది.

"పెళ్ళయిన నాలుగోనాడు వచ్చాం. ఇరవైమందిమి. కొంగుముళ్ళతో మెట్లెక్కాం, వ్రతమయింది, బండి అందదని పరుగెత్తించారు. దిగేటప్పుడు మీ నాన్న మెల్లిగా, 'ఇంకోసారి మనిద్దరమే వచ్చి ఒక రాత్రి వుందాం' అన్నారు. తరవాత నువ్వు పుట్టావు. చెల్లెళ్ళు పుట్టారు. చదువులు, పెళ్ళిళ్ళు..."

నాన్న పోయి పన్నెండేళ్ళయింది.

"ఒక్కసారి నాతో అనవచ్చు గదమ్మా?"

"అంటే మూడుగంటల్లో తిప్పి తెచ్చేవాడివి," అన్నది. కోపంగా కాదు. ఉన్నమాటగా.

నేనేమీ అనలేకపోయాను. అటువంటి బండిలోనే గదా అన్నేళ్ళూ దణ్ణాలు పెడుతూ పోయాను!

పొద్దుట పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రిగారు 1943లో కట్టిన నీడగడియారం దగ్గర కూర్చున్నాం. మన దేశపు గడియారాలన్నీ అనుసరించే 82½ డిగ్రీల రేఖ ఆ దాపులనే పోతుంది. అంచేత స్థలాన్నిబట్టి వచ్చే తేడా అర నిమిషం లోపే. సూర్యుడి నడకవల్ల మాత్రం ఫిబ్రవరిలో 14 నిమిషాలు వెనకా, నవంబరులో 16 నిమిషాలు ముందూ అవుతుంది. సెప్టెంబరు మొదట్లో ఆ తేడా కూడా వుండదు. సరిచూద్దామని చెయ్యి చూసుకుంటే, గడియారం గదిలో మరిచిపోయాను!

"చూస్తూ వుంటే కదలదురా. మాటల్లో పడితే జరిగిపోతుంది," అన్నది అమ్మ, నీడను చూస్తూ. ఎండ ఎక్కేదాకా అక్కడే వున్నాం. ఎవరూ లేద్దామనలేదు.

ఇంటికి వచ్చాక తోడల్లుడిగారి అబ్బాయి గోధుమనూక ప్రసాదం నోట్లో వేసుకుంటూ, "మామ్మగారూ, అక్కడ వేడినీటి బుగ్గలున్నాయా?" అని వేళాకోళమాడాడు.

"బుగ్గలు లేవు నాయనా, బకెట్టుంది," అన్నది అమ్మ. తరవాత నావైపు తిరిగి, "ఈసారి రెండు రాత్రులు," అన్నది.

ఈసారి తిరుగు టిక్కెట్లు ముందుగా కొనను.