ఏ వీడియో చూపిస్తారు?

చెన్నై శివార్లలోని ఊనమాంజేరి పోలీసు అకాడమీలో శిక్షణకు ఏ వీడియో చూపాలని మమ్మల్ని అడిగితే, 2020 జూన్ 19 రాత్రి సాత్తాన్‌కుళం స్టేషన్‌లో జరిగింది చూపండి అంటాం. లాక్‌డౌన్ వేళ దాటాక సెల్‌ఫోన్ దుకాణం తెరిచారన్న ఆరోపణతో తీసుకెళ్లిన జయరాజ్, ఆయన కుమారుడు బెన్నిక్స్ నాలుగు రోజుల్లోనే చనిపోయారు. కానీ ఆ దృశ్యాలు లేవు. కెమెరాలున్నాయి, ఏ రోజు రికార్డు ఆ రోజే చెరిగిపోయేలా పెట్టారని విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు రాశారు.

మిగిలింది హెడ్ కానిస్టేబుల్ రేవతి సాక్ష్యం. ఆమె భయపడుతూనే చూసింది చెప్పారు. వీడియో ఆమె గురించి ఉండాలి. అరెస్టు నియమాలను డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అవి తెలియక ఎవరూ కొట్టరు. పై అధికారి లాఠీ ఎత్తినప్పుడు పక్కనున్న కానిస్టేబుల్ ఏం చేయాలి? అక్కడ బొమ్మ ఆపి, ఒక్కొక్కరి చేత జవాబు చెప్పించాలి. బాప్తిస్మమిచ్చు యోహాను కూడా తన దగ్గరకొచ్చిన సైనికులను ఉద్యోగం మానమనలేదు, దౌర్జన్యం మానమన్నాడు.

మన ఇంటి సంగతీ దాచకూడదు. 2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న దళిత మహిళ మరియమ్మ ఒక చర్చి ఫాదర్ ఇంట్లో వంట చేసేవారు. దొంగతనం ఫిర్యాదు అక్కడి నుంచే వెళ్లింది. ఫిర్యాదు చేసేవాళ్లకూ శిక్షణ కావాలి.

చెన్నై తెలుగు సంఘాల యువత క్రిస్మస్ పాటకు డ్రోన్ కూడా అద్దెకు తెస్తున్నారు. ఈసారి పది నిమిషాల దృశ్యం తీయండి: రాత్రి స్టేషన్‌కు తెచ్చిన, తమిళం సరిగా రాని తెలుగు పారిశుద్ధ్య కార్మికుడు; ఎదురుగా ఇద్దరు పోలీసులు. తీసి అకాడమీకి పంపుదాం.