కన్నీరు, తుపాకి: నడుమ ఏమీ లేదా?

అమెరికాలో నల్లజాతి ప్రేక్షకుల కోసమని తయారయ్యే సినిమాలు ఒక పాతిక వరుసగా చూసినవారికి ఎవరికైనా ఒక సందేహం కలగక తప్పదు. ఆ జాతిలో బడిపంతుళ్ళు లేరా? పెళ్ళాం మీద అలిగే మొగుళ్ళు లేరా? పిసినారి మేనమామలూ, అత్తాకోడళ్ళ తగవులూ, పరీక్ష తప్పిన కుర్రాళ్ళూ లేరా? నాలుగు కోట్ల పైచిలుకు జనంలో ఇవన్నీ లేకపోతేనే ఆశ్చర్యపడాలి. కాని తెర మీదికి వచ్చేసరికి ఇద్దరే మిగులుతారు: ఏడ్చేవాడూ, కాల్చేవాడూ. వాళ్ళిద్దరికీ తోడుగా అప్పుడప్పుడూ ఒక విదూషకుడు.

ఇది ప్రతిభ లేక వచ్చిన దారిద్ర్యమని కొందరూ, ప్రేక్షకుల అభిరుచి అంతేనని కొందరూ అంటారు. రెండూ అబద్ధమని చరిత్రే చెబుతున్నది.

1915లో గ్రిఫిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తీసి నల్లవాణ్ణి మృగంగానూ, కూక్లక్స్ క్లాన్ హంతకులను వీరులుగానూ చూపాడు. ఆ దశాబ్దంలోనే నల్లజాతివారి సొంత చిత్రాలు మొదలైనాయి. ఇంటింటికీ తిరిగి తన నవలలు అమ్ముకొన్న ఆస్కార్ మిషో, రైతుల దగ్గర వాటాలు పోగుచేసి 1919లో మొదటి చిత్రం తీశాడు. 1920లో ‘విదిన్ అవర్ గేట్స్’లో తెల్లమూకలు నల్లవారిని ఉరితీయడం తెర కెక్కించాడు. తరవాతి పాతికేళ్ళలో నల్లవారికోసం ప్రణయగాథలు వచ్చాయి, అపరాధ పరిశోధనలు వచ్చాయి, భక్తి చిత్రాలు వచ్చాయి. 1937లో ‘హార్లెమ్ ఆన్ ది ప్రెయిరీ’లో హెర్బ్ జెఫ్రీస్ గుర్రమెక్కి పాటలు పాడే కౌబాయ్‌గా కనిపించాడు. ఈ సినిమాల్లో చాలావాటి శిల్పం అంతంతమాత్రమే. పెట్టుబడి కూడా చాలాసార్లు తెల్లవారిదే. అయినా వైవిధ్యం ఎందుకున్నది? ఆ థియేటర్లకు వారం వారం వచ్చేది ఒకే జనం. వాళ్ళకు ప్రతివారం ఒకే వంటకం వడ్డిస్తే రారు. వాళ్ళ జీవితమంతా సినిమాకు వస్తువు కాక తప్పలేదు. వేర్పాటును మెచ్చుకోమని నేననడం లేదు. నల్లప్రేక్షకుణ్ణి పూర్తి ప్రేక్షకుడుగా లెక్కించక తప్పని చోట వైవిధ్యం దానంతటదే పుట్టిందని మాత్రమే అంటున్నాను.

ఆ చిన్న పరిశ్రమ రెండవ ప్రపంచయుద్ధం తరవాత కొద్ది ఏళ్ళకే అణగారిపోయింది. మిగిలింది హాలీవుడ్ ఒక్కటే. హాలీవుడ్‌కు నల్లవాడు ఎప్పుడో ఒకసారి గుర్తొచ్చే చుట్టం. 1971లో మెల్విన్ వాన్ పీబుల్స్ సొంత డబ్బుకు అప్పు జోడించి ‘స్వీట్ స్వీట్‌బ్యాక్’ తీశాడు. మొదట దాన్ని వేసింది రెండు థియేటర్లే. జనం విరగబడ్డారు. అదే ఏడు గోర్డన్ పార్క్స్ తీసిన ‘షాఫ్ట్’ నష్టాల్లో ఉన్న ఎం.జి.ఎం. కంపెనీకి ఊపిరి పోసింది. తెల్లవాడికి తల వంచని నల్లవాణ్ణి జనం మొదటిసారి చూశారు, ఈలలు వేశారు. అది న్యాయమైన ఆనందం. కాని కంపెనీలు ఆ తలయెత్తిన మనిషిని చూడలేదు, అతని చేతిలో తుపాకిని చూశాయి. ఆపైన మూడు నాలుగేళ్ళు దళారులూ, మత్తుమందుల వర్తకులూ, తుపాకులూ తప్ప మరొకటి లేదు. ఆ సరుకుకు 1972లోనే ‘బ్లాక్స్‌ప్లాయిటేషన్’ అని పేరుపెట్టింది నల్లవాడే, హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. హాలీవుడ్ శాఖ నాయకుడు జూనియస్ గ్రిఫిన్. వసూళ్ళు తగ్గగానే కంపెనీలు దుకాణం కట్టేశాయి.

ఇరవై ఏళ్ళకు అదే కథ. 1991లో జాన్ సింగిల్‌టన్ ‘బాయ్జ్ ఎన్ ది హుడ్’ తీశాడు. కొడుకును మనిషిగా నిలబెట్టాలని ఒక తండ్రి పడే తపన ఆ చిత్రానికి ప్రాణం. కంపెనీలు దాన్ని చూసి నేర్చుకొన్నదేమిటి? పేటలో ముఠా ఉంటే డబ్బు వస్తుందని! తండ్రి ఎగిరిపోయాడు, ముఠా మిగిలింది.

ఈ పునరావృతికి ఒక మర్మం ఉన్నది. తెల్లవారి సినిమా ఒకటి బోర్లాపడితే ఆ సినిమా పోయిందంటారు. నల్లవారి సినిమా ఒకటి బోర్లాపడితే ‘నల్లవారి సినిమాలు ఆడవు’ అంటారు. ఒక్కొక్క చిత్రం నెత్తిన మొత్తం జాతి భారం పెడితే, కిందటిసారి గెలిచిన నమూనాను దాటి ఎవడు అడుగు వేయగలడు?

అడుగు వేసినవారి గతి చూడండి. చార్లెస్ బర్నెట్ పదివేల డాలర్లు కూడా కాని ఖర్చుతో 1970లలో ‘కిల్లర్ ఆఫ్ షీప్’ తీశాడు. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో గొర్రెలను కోసే కబేళా కూలీ కథ. అతను పైసాపైసా కూర్చి ఒక పాత ఇంజను కొంటాడు, అది బండి మీదనుంచి జారి పగిలిపోతుంది. అంతే. హత్య లేదు, ముఠా లేదు. పాటల హక్కులకు డబ్బు కట్టలేక ఆ చిత్రం 2007 దాకా థియేటర్లకు రాలేదు. 1982లో క్యాథలీన్ కాలిన్స్ ‘లూజింగ్ గ్రౌండ్’ తీసింది. నాయిక తత్త్వశాస్త్రం చెప్పే నల్లజాతి అధ్యాపకురాలు, భర్త చిత్రకారుడు. ఆమె 1988లో కన్నుమూసింది, చిత్రం థియేటర్లలో విడుదలైంది 2015లో. చదువుకున్న నల్లజాతి స్త్రీకి ఆలోచనలుంటాయని చూపిన నేరానికి ముప్ఫై మూడేళ్ళ శిక్ష!

‘మేం వ్యాపారులం, జనం కోరేదే ఇస్తాం’ అని నిర్మాతలంటారు. ఈ పాట మన తెలుగు నిర్మాతల నోట కూడా విన్నదే. సరే, వ్యాపారం లెక్కే చూద్దాం. 2017లో జోర్డన్ పీల్ 45 లక్షల డాలర్లతో ‘గెట్ అవుట్’ అనే భయానక చిత్రం తీస్తే 25 కోట్లకు పైగా వసూలైంది. మరుసటి ఏడు ‘బ్లాక్ పాంథర్’ 130 కోట్లు దాటింది. 2021లో మెకిన్సీ సంస్థ, కార్మికుల పక్షం కాదది, పెట్టుబడిదారులకు సలహాలు అమ్ముకొనే సంస్థ, జాతి అసమానతవల్ల అమెరికన్ సినిమా, టెలివిజన్ పరిశ్రమ ఏటా 1000 కోట్ల డాలర్లు పోగొట్టుకొంటున్నదని లెక్కగట్టింది. లాభం వస్తుందని తెలిసీ వదులుకొనే వర్తకుణ్ణి కేవలం లాభాపేక్షతో వివరించలేం. లాభానికి కూడా వర్ణం చూసే కళ్ళున్నాయి.

ఇక మనవాళ్ళతో ఒక పేచీ ఉన్నది. అణచివేతను చిత్రిస్తేనే అభ్యుదయం, తక్కినదంతా కాలక్షేపం అనే మిత్రులు కొందరున్నారు. బానిసత్వం మీద ‘12 ఇయర్స్ ఎ స్లేవ్’ 2013లో వచ్చింది. అది రావలసిన చిత్రమే. కాని నల్లవాడి వీపు మీది కొరడా దెబ్బలను మాత్రమే కళగా గుర్తించేవాడు ఎవరి పక్షం? 1940లో పనిమనిషి పాత్రకు హ్యాటీ మెక్‌డానియల్‌కు ఆస్కార్ ఇచ్చి, అదే సభలో ఆమెను విడిగా ఒక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. డెబ్భై ఏళ్ళు గడిచాక 2011లో ‘ది హెల్ప్’లో మళ్ళీ పనిమనిషి కన్నీళ్ళకే చప్పట్లు. బాధపడేవాణ్ణి చూసి జాలిపడటం సుళువు. అతను తనతో సమానంగా నవ్వి, ప్రేమించి, తప్పులు చేసి, విసుగుపడి బతకడం చూసి ఓర్చుకోవడమే కష్టం. ‘కిల్లర్ ఆఫ్ షీప్’లో పేదరికం ఉన్నది, దానితోపాటు మొగుడూ పెళ్ళాలు పాట పెట్టుకొని చేసే నాట్యమూ ఉన్నది, మిద్దెల మీద గెంతే పిల్లలూ ఉన్నారు. వాస్తవికత అంటే అది. మనిషిలో దుఃఖాన్ని మాత్రమే కోసి చూపడం వాస్తవికత కాదు, అదొక తూకపు రాయి.

మార్గం లేకపోలేదు. 2025లో రయన్ కూగ్లర్ ‘సిన్నర్స్’ తీస్తూ, పాతికేళ్ళకు చిత్రం హక్కులు తనకే తిరిగి రావాలని వార్నర్ కంపెనీతో ఒప్పందం రాయించుకొన్నాడు. 1932 నాటి మిసిసిపీలో రక్తం పీల్చే పిశాచాల కథ అది. హక్కు అడగగల స్థితి వచ్చిన వెంటనే వస్తువు కూడా ఎంత దూరం పోగలిగిందో చూడండి. కాని ఈ స్థితి వరుసగా గెలిచిన ఒక్క మొనగాడికి దక్కింది. అది జాతికి దక్కలేదు.

కనుక కావలసింది మరొక కళాఖండం కాదు. అవి ఎప్పుడూ ఉన్నాయి, గదుల్లో పెట్టి తాళాలు వేశారు. సినిమా తీసే డబ్బు మీదా, దాన్ని ఊళ్ళకు పంపిణీ చేసే యంత్రాంగం మీదా నల్లజాతివారికి అధికారం కావాలి. అప్పుడు ఒక మామూలు దర్శకుడు, మామూలు మనుషుల గురించి ఒక మామూలు సినిమా తీసి, అది దెబ్బతిన్నా రెండోది తీయగలుగుతాడు. తెల్లదర్శకులకు ఆ హక్కు నూరేళ్ళుగా ఉన్నది.